మొటిమలనుకుంటే బయాప్సీ అంటున్నారు!

ప్రశ్న: నా వయసు 26. పన్నెండో ఏట నుంచి ముక్కు పక్కన, పై పెదవి మీద చర్మం రంగులోనే చిన్న చిన్న బొడిపెలు వస్తున్నాయి. నొప్పి, దురద లేవు. మొటిమల క్రీములు ఎన్ని రాసినా తగ్గలేదు. మా అమ్మకూ ఇలాంటివే ఉన్నాయి. ఈమధ్య ఒకటి కాస్త పెద్దదైతే డాక్టర్‌కు చూపించాను. బయాప్సీ చేయాలన్నారు. అప్పట్నుంచీ టెన్షన్‌గా ఉంది. ఇది క్యాన్సరా?

సలహా: బయాప్సీ రాశారంటే క్యాన్సర్ ఉందని కాదు. మీరు చెప్పిన తీరు చూస్తే ఇవి ట్రైకోఎపిథీలియోమాలు కావచ్చు. వెంట్రుక కుదురు నుంచి పుట్టే హానిలేని కణితులివి. మొటిమల్లో చీము పడుతుంది, వచ్చిపోతుంటాయి. ఇవి గట్టిగా, నున్నగా ఏళ్ల తరబడి ఉన్నచోటే ఉంటాయి. క్రీములకు తగ్గకపోవటంలో మీ తప్పేం లేదు. గిల్లటం, నొక్కటం మాత్రం వద్దు.

అమ్మకూ ఉన్నాయన్నారు చూడండి, అది చాలా ముఖ్యం. ముఖం మీద ఇవి గుంపుగా వచ్చే రకం వంశపారంపర్యం. చాలామందిలో సీవైఎల్‌డీ అనే జన్యువులో లోపం ఉంటుంది. తల్లిదండ్రుల్లో ఒకరికి ఉంటే ప్రతి బిడ్డకూ వచ్చే అవకాశం సగం.

మరి బయాప్సీ దేనికి? బేసల్ సెల్ కార్సినోమా అనే చర్మ క్యాన్సర్ కూడా అచ్చం ఇలాగే కనిపించొచ్చు. చర్మాన్ని పెద్దదిగా చూపే డెర్మోస్కోప్ అనే పరికరంతో చూసినా ఒక్కోసారి తేడా తెలియదు. ట్యూబరస్ స్క్లెరోసిస్ అనే జన్యు వ్యాధిలోనూ ముక్కు చుట్టూ బొడిపెలు వస్తాయి. దానిలో ఫిట్స్, కిడ్నీ సమస్యలు ఉండొచ్చు కాబట్టి మీకు, ఇంట్లోవాళ్లకు అలాంటివేమైనా ఉంటే డాక్టర్‌కు తప్పక చెప్పండి.

పరీక్ష పెద్దదేం కాదు. ఆ చోట మత్తు ఇంజెక్షన్ ఇచ్చి 3-4 మిల్లీమీటర్ల ముక్క తీస్తారు. ఒకటో రెండో కుట్లు పడతాయి. పెద్దదైన ఆ బొడిపె నుంచే, కాస్త లోతుగా తీయటం మంచిది. పైపైన గీకి తీస్తే మైక్రోస్కోప్ కింద చూసే పాథాలజిస్టుకూ తేల్చి చెప్పటం కష్టమవుతుంది. కణాల గుంపులకూ చుట్టూ ఉన్న పీచు కణజాలానికీ మధ్య ఖాళీ చీలికలుంటే క్యాన్సర్ వైపు అనుమానిస్తారు. కణాల మధ్య కెరటిన్ అనే ప్రొటీన్ నిండిన చిన్న తిత్తులు, చుట్టూ దట్టమైన పీచు కణజాలం కనిపిస్తే ట్రైకోఎపిథీలియోమా వైపు మొగ్గుతారు. అయినా సందేహం మిగిలితే ప్రత్యేక రంగులద్ది మళ్లీ చూస్తారు.

హానిలేనివని తేలితే చికిత్స తప్పనిసరి కాదు. చూడటానికి బాగాలేవనిపిస్తే లేజర్‌తోనో, వేడితో కాల్చే కాటరీతోనో తగ్గించొచ్చు. మళ్లీ రావచ్చు, మచ్చ పడొచ్చు. ఆ సంగతి తెలిసే చేయించుకోవాలి. ఏదైనా బొడిపె ఉన్నట్టుండి పెరిగినా, పుండుపడినా, రక్తం కారినా వెంటనే చూపించుకోండి.

వీలైతే అమ్మనూ వెంట తీసుకెళ్లండి. ఇద్దరి తల మీదా గడ్డలేమైనా ఉన్నాయేమో ఒకసారి చూడమనండి. ఈ జన్యులోపం ఉన్న కొందరిలో అక్కడ సిలిండ్రోమా అనే మరో రకం కణితులు వస్తుంటాయి.