20×50 వద్దండీ, 8×42 తీసుకోండి

పిట్టల్ని చూడ్డానికి కంబాలకొండ అడవికీ అరకు ట్రిప్పులకీ 20×50 బైనాక్యులర్స్ కొనాలా, 8×42 కొనాలా అని అడిగారు. మొదటి అంకె ఎన్ని రెట్లు పెద్దగా చూపిస్తుందో చెబుతుంది, రెండోది ముందు లెన్స్ వెడల్పు, మిల్లీమీటర్లలో. సందేహం లేకుండా 8×42 తీసుకోండి. 20 రెట్లు పెద్దగా చూపించేది మీ చేతి వణుకునీ 20 రెట్లు పెద్దది చేస్తుంది, పిట్ట నిలకడగా కనబడదు. పైగా 50ని 20తో భాగిస్తే 2.5. కంటికి చేరే వెలుగు వృత్తం అన్ని మిల్లీమీటర్లే. 42ని 8తో భాగిస్తే 5.25. పొద్దున్నే చెట్ల నీడలో పిట్ట రంగులు తెలియాలంటే ఈ తేడాయే ముఖ్యం.

కళ్లద్దాలు వాడతానన్నారు కాబట్టి ఐ రిలీఫ్, అంటే బొమ్మ మొత్తం కనబడేలా కంటిని లెన్స్‌కి ఎంత దూరంలో ఉంచవచ్చో ఆ దూరం, కనీసం 15 మి.మీ. ఉండాలి, 17 అయితే ఇంకా హాయి. షాపులో ఐకప్పులు (కంటికి ఆనే అంచులు) కిందికి దించి, అద్దాలు తీయకుండానే చూడండి. చుట్టూ నల్లగా కమ్మితే ఆ జత మీకు పనికిరాదు.

అన్నిటికంటే నాకు భయం మన విశాఖ తేమ. నా మొదటి జత మామూలుది, రెండు వర్షాకాలాలకే లోపల లెన్స్‌కి బూజు పట్టేసింది. చాలా బాధపడ్డాను. అందుకే నైట్రోజన్ నింపిన వాటర్‌ప్రూఫ్ రకమే కొనండి. గట్టి మూత ఉన్న డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో దాచండి. బీచ్ నుంచి వచ్చాక ముందు గాలి ఊదే బ్లోయర్‌తో ఇసుక ఎగరగొట్టి, ఆ తర్వాతే గుడ్డ పెట్టండి.