ఫ్యాటీ లివర్ గ్రేడ్ 1 సరే.. ఆ కింది కిడ్నీ లైను చూశారా?

ప్రశ్న: నా వయసు 52. మాది శ్రీకాకుళం జిల్లా కవిటి మండలం. జీడి, కొబ్బరి తోటల్లో పని. కడుపుబ్బరంగా ఉంటోందంటే అల్ట్రాసౌండ్ తీశారు. ఫ్యాటీ లివర్ గ్రేడ్ 1 అని వచ్చింది. కుడి కిడ్నీ 8.8 సెం.మీ., ఎడమ కిడ్నీ 9 సెం.మీ., రెండింటికీ గ్రేడ్ 1 ఆర్‌పీడీ (రీనల్ పెరెంకైమల్ డిసీజ్, అంటే కిడ్నీ కణజాలంలో మార్పు) అని కూడా రాశారు. మొదటి స్టేజే కాబట్టి పర్లేదని తెలిసినవాళ్లు అన్నారు. లివర్ ఎంజైములు ఎస్‌జీఓటీ 32, ఎస్‌జీపీటీ 36, ప్లేట్‌లెట్లు 2.4 లక్షలు. షుగర్ లేదు. బీపీకి టెల్మిసార్టాన్ 40 వాడుతున్నాను. మోకాలి ఎక్స్‌రేలో అరుగుదల కేఎల్ గ్రేడ్ 2 అన్నారు. ఎనిమిది నెలలుగా మందుల షాపులో ఇచ్చే నొప్పి బిళ్ల ఉదయం ఒకటి, రాత్రి ఒకటి వేసుకుంటున్నాను. లివర్ గ్రేడ్ 2కి వెళ్లకుండా నేల ఉసిరి పసరు తాగమంటున్నారు. తాగొచ్చా? గుడ్లు మానేయాలా?

డాక్టర్ సలహా: లివర్ సంగతి చివర్లో చెబుతాను. ముందు ఆ నొప్పి బిళ్ల ఈ రోజే ఆపేయండి. రేపు ఉదయమే కిడ్నీ పనితనం చెప్పే క్రియాటినిన్ పరీక్షకు రక్తం ఇవ్వండి. ఇన్ని అంకెలు రాసిన మీరు క్రియాటినిన్ ఎంతో రాయలేదంటే, అది చేయించలేదనే అనుకుంటున్నాను. కిడ్నీ జబ్బులు ఎక్కువగా కనిపించే మీ ఉద్దానం ప్రాంతంలో ఉంటూ, బీపీ మాత్ర వాడుతూ, ఎనిమిది నెలలు నొప్పి బిళ్లలు మింగిన మనిషికి ఆ ఒక్క పరీక్ష లేకపోవడమే మీ ఉత్తరంలో నన్ను ఎక్కువగా కంగారుపెట్టిన విషయం.

గ్రేడ్ 1 ఆర్‌పీడీ అంటే కిడ్నీ జబ్బు మొదటి స్టేజ్ అని కాదు. ఈ రెండింటినీ చాలామంది కలిపేసుకుంటున్నారు. స్కాన్‌లో గ్రేడ్ అన్నది కంటికి కనిపించిన తెలుపును బట్టి వేసేది. కుడి పక్కటెముకల కింద ప్రోబ్ పెడితే లివర్, కిడ్నీ ఒకే ఫ్రేమ్‌లోకి వస్తాయి. కిడ్నీ పైపొర అయిన కార్టెక్స్ మామూలుగా లివర్ కన్నా కాస్త నల్లగా ఉంటుంది. లివర్‌తో సమానంగా తెల్లబడితే గ్రేడ్ 1, లివర్‌ని మించితే 2, కిడ్నీ నడిమధ్యన ఉండే కొవ్వు భాగమంత తెల్లగా అయిపోతే 3. కొందరు సోనాలజిస్టులు కార్టెక్స్‌కీ లోపలి మెడుల్లాకీ మధ్య తేడా ఎంత చెరిగిపోయిందో కూడా చూసి గ్రేడ్ వేస్తారు. అందుకే ఒక సెంటర్‌లో 1 అన్న కిడ్నీని ఇంకో సెంటర్‌లో 2 అనవచ్చు. మెషీన్‌లో గెయిన్ (బొమ్మ వెలుగు) కాస్త పెంచినా బొమ్మ మొత్తం తెల్లబడుతుంది. ఏ జబ్బూ లేనివారిలోనూ గ్రేడ్ 1 కనిపించడం ఉంది.

మీ విషయంలో ఇక్కడే ఒక మెలిక ఉంది. కిడ్నీ తెలుపును కొలిచేది లివర్‌తో పోల్చి. మీ లివర్‌కి కొవ్వు పట్టి అదే తెల్లబడి ఉంది. కొత్తగా సున్నం కొట్టిన గోడ పక్కన నిలబెడితే తెల్ల పంచె కూడా మాసినట్టే కనిపిస్తుంది. అంటే తెల్లబడిన లివర్‌తోనే సమానంగా ఉందన్న కిడ్నీ, మామూలు లివర్ పక్కన పెట్టి చూస్తే గ్రేడ్ 2 అయ్యే అవకాశం ఉంది. ఇలాంటప్పుడు ఎడమ కిడ్నీని ప్లీహంతో, అంటే స్ప్లీన్‌తో పోల్చి చూడాలి. మీకు స్కాన్ తీసిన డాక్టర్‌ని ఆ ఒక్క ప్రశ్న అడగండి. సైజు కూడా చూడాలి. పెద్దవారిలో కిడ్నీ పొడవు సాధారణంగా 9 నుంచి 12 సెం.మీ. ఉంటుంది. పొట్టిగా ఉండే మనిషికి 8.8 మామూలే కావచ్చు. అదే రెండేళ్ల కిందటి స్కాన్‌లో 10 ఉండి ఇప్పుడు 8.8 అయిందంటే కథ వేరు. పాత రిపోర్టులు ఇంట్లో ఉంటే వెతకండి.

అసలు స్టేజ్ తేలేది రక్తంతో, మూత్రంతో. క్రియాటినిన్, వయసు, ఆడా మగా అన్నది కలిపి ఇజీఎఫ్‌ఆర్, అంటే కిడ్నీల వడపోత వేగం అంచనా లెక్కిస్తారు. అది 90, ఆపైన ఉంటే స్టేజ్ 1, 60 నుంచి 89 అయితే 2, 45 నుంచి 59 అయితే 3ఏ, 30 నుంచి 44 అయితే 3బీ, 15 నుంచి 29 అయితే 4, 15 లోపు 5. మొదటి రెండు స్టేజ్‌లకు అంకె ఒక్కటే చాలదు, కిడ్నీ దెబ్బతిన్నట్టు ఇంకో ఆధారం ఉండాలి. ఏదైనా మూడు నెలలకు పైగా అలాగే ఉంటేనే దీర్ఘకాలిక జబ్బు అంటాం. ల్యాబ్ కాగితం మీద ‘నార్మల్’ అన్న మాట చూసి ఊరుకోవద్దు. 52 ఏళ్ల మగవారికి క్రియాటినిన్ 1.4 అంటే ఇజీఎఫ్‌ఆర్ దాదాపు 60, 1.6 అంటే 52. అదే వయసు ఆడవారికి 1.2 ఉన్నా 54 దగ్గరే ఉంటుంది. క్రియాటినిన్ బాగా పెరిగి కనిపించేసరికి కిడ్నీ పనితనం దాదాపు సగం పోయి ఉండవచ్చు.

దాంతో పాటు యూరియా, పొటాషియం, యూరిక్ యాసిడ్, హిమోగ్లోబిన్, ఉదయం మొదటి మూత్రంతో ఏసీఆర్ (మూత్రంలో ఆల్బుమిన్ అనే ప్రొటీన్ ఎంత పోతోందో చూసే పరీక్ష) చేయించండి. ముందు రోజు రాత్రి మాంసం వద్దు, బరువు పనీ వద్దు. ఏసీఆర్ 30 లోపు ఉంటే మామూలు. అయితే మీ ప్రాంతానికి ఒక హెచ్చరిక. ఉద్దానంలో కనిపించే కిడ్నీ జబ్బుకు కారణం ఇదీ అని ఇంకా తేలలేదు కానీ, దాని తీరు తెలుసు. కిడ్నీలోని సన్న గొట్టాలనూ, వాటి చుట్టూ ఉండే కణజాలాన్నీ అది ముందు దెబ్బతీస్తుంది. అందుకే చాలామందికి షుగర్ ఉండదు, కాళ్ల వాపు రాదు, మూత్రంలో ప్రొటీన్ పెద్దగా పోదు. మూత్ర పరీక్షలో ఆల్బుమిన్ ‘నిల్’ అని వచ్చింది కదా అని క్రియాటినిన్ మానేస్తే మోసపోతారు.

ఇక నొప్పి బిళ్ల. స్ట్రిప్పు వెనక్కి తిప్పి చిన్న అక్షరాలు చదవండి, రాకపోతే పిల్లలతో చదివించండి. ఎసిక్లోఫెనాక్, డైక్లోఫెనాక్, ఐబూప్రొఫెన్, పైరాక్సికామ్, నిమెసులైడ్.. వీటిలో ఏ పేరున్నా మీకు వద్దు. ‘పారాసిటమాలే అండీ’ అని షాపులో ఇచ్చే బిళ్లలో చాలాసార్లు ఎసిక్లోఫెనాక్ 100 మి.గ్రా., పారాసిటమాల్ 325 మి.గ్రా. కలిసి ఉంటాయి. కిడ్నీ వడపోత గుత్తిలోకి రక్తం తెచ్చే నాళాన్ని ప్రోస్టాగ్లాండిన్లు తెరిచి ఉంచుతాయి. ఎండలో చెమటోడ్చి ఒంట్లో నీరు తగ్గినప్పుడు కిడ్నీ వాటి మీదే ఆధారపడుతుంది. ఈ మందులు వాటినే ఆపేస్తాయి. టెల్మిసార్టాన్ ఏమో వడపోత గుత్తి నుంచి బయటికి పోయే నాళాన్ని వదులు చేస్తుంది. రెండూ కలిస్తే లోపల వడపోతకు కావలసిన ఒత్తిడి పడిపోతుంది. వీటికి మూత్రం ఎక్కువ పోయే మాత్ర కూడా తోడైతే మరీ ప్రమాదం. మధ్యాహ్నం దాకా తోటలో ఉండి వచ్చి నొప్పి బిళ్ల వేసుకునేవారి కిడ్నీ మీద రోజూ పడే దెబ్బ ఇదే. నొప్పి ఎక్కువైందని ఆర్‌ఎంపీ దగ్గర వేయించుకునే డైక్లోఫెనాక్ ఇంజెక్షన్ కూడా ఇదే మందు. సూదిలో వెళ్లినంత మాత్రాన కిడ్నీకి మినహాయింపు ఏమీ ఉండదు. నొప్పి బిళ్లతో పాటు నెలల తరబడి గ్యాస్ బిళ్ల కూడా వేసుకుంటున్నట్టయితే అదీ డాక్టర్‌కి చెప్పండి.

టెల్మిసార్టాన్ మాత్రం మీ అంతట మీరు ఆపవద్దు. వాంతులు, విరేచనాలు పట్టుకుంటే ఆ రోజే డాక్టర్‌ని అడిగి అప్పటికి ఆపాలో వద్దో తెలుసుకోండి.

మోకాలికి కేఎల్ గ్రేడ్ 2 అంటే ఎముక అంచున చిన్న ముళ్లు ఖాయంగా ఉన్నాయి, కీలు సందు కాస్త తగ్గి ఉండవచ్చు అని. ఈ పద్ధతిలో 0 నుంచి 4 దాకా ఉంటాయి. ఎక్స్‌రే నిలబడి తీశారో లేదో అడగండి, పడుకోబెట్టి తీస్తే సందు ఉన్నదాని కన్నా ఎక్కువగా కనిపిస్తుంది. గ్రేడ్ 2కి ఆపరేషన్ మాట రాదు. కుర్చీలో కూర్చుని కాలు నిటారుగా చాపి 5 సెకన్లు బిగబట్టండి, ఒక్కో కాలికి 10 సార్లు, రోజుకు రెండు మూడు విడతలు. మరీ నొప్పిగా ఉన్న రోజు ఒట్టి పారాసిటమాల్, అదీ రోజుకు 2 గ్రాములు దాటకుండా. మద్యం తాగే అలవాటుంటే డాక్టర్‌ని అడగకుండా అదీ వద్దు.

ఇప్పుడు మీ లివర్. మీరిచ్చిన అంకెలతో ఫిబ్-4, అంటే లివర్ గట్టిపడిందేమో అంచనా వేసే లెక్క వేశాను. వయసును ఎస్‌జీఓటీతో హెచ్చించి, వేలల్లో రాసిన ప్లేట్‌లెట్లకూ ఎస్‌జీపీటీ వర్గమూలానికీ వచ్చే లబ్ధంతో భాగిస్తే 1.16. ఇది 1.3 లోపు కాబట్టి లివర్ గట్టిపడే దశ ఉండే అవకాశం తక్కువ. పొట్ట తగ్గించండి, మద్యం అలవాటుంటే మానండి. గుడ్డు మానక్కర్లేదు, కిడ్నీ పరీక్షలు వచ్చాక ప్రొటీన్ ఎంత తినాలో డాక్టర్ చెబుతారు. నేల ఉసిరి పసరు వద్దు. అందులో ఏ ఆకు కలిసిందో, ఎంత మోతాదో తెలియకుండా, కిడ్నీ సంగతి తేలకుండా తాగే ఏ పసరుకీ నేను సరేననను.

మిమ్మల్ని, మీ ఫిల్ములను చూడకుండా రాసిన సలహా ఇది. చికిత్స నిర్ణయం మీ డాక్టర్‌దే. ఇజీఎఫ్‌ఆర్ 60 పైన, ఏసీఆర్ 30 లోపు వస్తే మూడు నెలలకు అదే ల్యాబ్‌లో మళ్లీ చేయించండి. ఇజీఎఫ్‌ఆర్ 60 లోపు వస్తే కిడ్నీ నిపుణుడిని, అంటే నెఫ్రాలజిస్టును కలవండి. ఇజీఎఫ్‌ఆర్ 30 లోపు వచ్చినా, పొటాషియం ఎక్కువున్నా, మూత్రం బాగా తగ్గినా, ఆయాసం వచ్చినా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. పలాసలో 2023 డిసెంబరులో ప్రారంభమైన కిడ్నీ పరిశోధన కేంద్రం, ఆసుపత్రి మీకు అందుబాటులోనే ఉంది. వెళ్లేటప్పుడు స్కాన్ కాగితం, పాత రిపోర్టులతో పాటు ఇన్నాళ్లూ వాడిన మందుల స్ట్రిప్పులన్నీ పట్టుకెళ్లండి, ఖాళీవైనా సరే.