శివారు ఊరి మీటింగుకు వెళ్లే ముందు

బుజ్జమ్మా,

గురువారం కాలవ చివరనున్న శివారు ఊళ్లో రైతుల మీటింగులో వ్యవసాయ శాఖ తరపున నువ్వు మాట్లాడాలని, రెండు రోజులుగా నీకు అన్నం సహించడం లేదని మీ అమ్మ చెప్పింది. ఆ టెన్షన్ నాకు కొత్త కాదు.

నా మొదటి మీటింగు సంగతి నీకెప్పుడూ చెప్పలేదు. వరి మొదళ్లలో రసం పీల్చే సుడిదోమ గురించి కాగితం చూసి గడగడా చదివేస్తుంటే వెనకనుంచి ఒక పెద్దాయన, "బాబూ, మీరెప్పుడైనా వరి నాట్లు ఊడ్చారా?" అన్నాడు. పరువు పోతుందని ఊడ్చానన్నాను. ఆయన మారు మాట్లాడకుండా చేలోకి తీసుకెళ్లి నారు కట్ట చేతిలో పెట్టాడు. నేను నాటిన మొక్కలన్నీ నా కళ్లముందే తేలిపోయాయి. ఊరంతా నవ్వింది. నిన్నడిగితే "లేదండీ, చదువుకున్నదే" అని చెప్పెయ్.

వాళ్ల కోపం నీ మీద కాదు. కాలవ చివరికి నీళ్లు రావు, వానొస్తే మురుగు లాగక చేలు మునుగుతాయి. గిట్టుబాటు కాకే 2011 సార్వాలో, అంటే వానాకాలం పంటకు, కోనసీమ రైతులు సాగు మానేసి పంట విరామం ప్రకటించారు. అందుకే గంట ముందు వెళ్లు. రామాలయం అరుగు మీద కూర్చుని చేలకు నీళ్లందించే బోదెలోకి నీళ్లెప్పుడొచ్చాయో, దాళ్వా (రెండో పంట) ధాన్యం డబ్బులు పడ్డాయో లేదో అడిగి రాసుకో. మాట అక్కణ్నుంచే మొదలుపెట్టు. అప్పటికి నాలుగు ముఖాలు పరిచయమై ఉంటాయి, సగం దడ అక్కడే పోతుంది. టీలు ఇస్తూనే ఉంటారు, ఒకటి చాలు. లేచే ముందు పీల్చినదానికంటే ఎక్కువసేపు ఊపిరి వదులు. కౌలు రైతులు వెనకెక్కడో నిలబడతారు. సాగు చేసేది వాళ్లే, వాళ్లను చూసి మాట్లాడు.

చెప్పే విషయం ఒక్కటే పెట్టుకో: ఊడ్పుల్లో ప్రతి రెండు మీటర్లకూ 20 సెంటీమీటర్ల కాలిబాట. తెర మీద బొమ్మలొద్దు, కరెంటును నమ్మలేం. తాడు తీసుకెళ్లి నేల మీద పరిచి చూపించు. తాడు పట్టుకుంటే వేళ్ల వణుకు కూడా కనపడదు. "అంత నేల వదిలేస్తే దిగుబడి పోదా?" అని తప్పకుండా అడుగుతారు. మొదళ్లకు గాలీ వెలుతురూ తగిలితే దోమ ఉధృతి తగ్గుతుందని, మందు కొట్టాల్సొస్తే మొదళ్ల దాకా అందుతుందని చెప్పు. ఇక దిగుబడి సంగతికొస్తే, గట్టు పక్క వరసలు ఎలా ఎక్కువ పిలకలేస్తాయో వాళ్ల చేతే చెప్పించు.

నీళ్ల గురించి నిలదీస్తే "మా శాఖ కాదు" అని తప్పించుకోకు. రాసుకుని ఇరిగేషన్ వాళ్లకు పంపుతానను, పంపు కూడా.

శుక్రవారం పొద్దున్నే ఫోన్ చెయ్.

మీ బాబాయ్