పైపు కమాను ఎంత మోస్తుంది?

నాయనా,

దామలచెరువులో మామిడికాయల షెడ్డుకు రెండించీల పైపుతో కమాన్లు వంచుతున్నానని, ఒక్కోటి ఎంత మోస్తుందో చెప్పమని రాసినావు. నువ్వు పంపిన కొలతలతోనే చెప్తా. కాళ్ల మధ్య 6 మీటర్లు, నడిమి ఎత్తు 1.5, కమానుకూ కమానుకూ 3 మీటర్ల ఎడం. రేకులు, పైకెక్కే మనుషులు అన్నీ కలిపి ఒక్కో కమాను మీద అడ్డంగా మీటరుకు 200 కేజీలు పెట్టుకో.

బరువు అంతటా సమానంగా పడితే ఒక్కో కాలి మీద 600 కేజీలు దిగుతాయి. కాలిని బయటికి తోసే బలం కూడా 600. మీటరు బరువును కాళ్ల ఎడం వర్గంతో హెచ్చించి, ఎత్తుకు ఎనిమిది రెట్లతో భాగిస్తే వచ్చేది అదే. ఎత్తు సగం చేస్తే ఈ తోపు 1200 అవుతుంది. అందుకే చూడ్డానికి బాగుంటుందని కమానును చదును చెయ్యొద్దు. రెండు కాళ్లనూ కింద రాడ్డుతో కట్టెయ్.

ఈ రెండు బలాలూ కలిసి పైపును 850 కేజీలతో నొక్కుతాయి. బీ క్లాసు (మధ్యరకం) పైపు మందం 3.6 మి.మీ. కాబట్టి చదరపు మిల్లీమీటరుకు 1.3 కేజీలే పడుతుంది. వైఎస్‌టి 240 రకం (అది పైపు గ్రేడు పేరు) ఇనుము 24 కేజీల దాకా లొంగదు. ఇది చూసి చాలామంది ధైర్యం తెచ్చుకుంటారు, నువ్వు తెచ్చుకోవద్దు.

ఒక పక్కన మాత్రమే బరువు పడినప్పుడు లెక్క వెయ్. రేకులు బిగించేవాళ్లందరూ ఒకే వైపు ఎక్కినారనుకో. అప్పుడు వంపు బలం, 200ను కాళ్ల ఎడం వర్గం 36తో హెచ్చించి 64తో భాగిస్తే, 112 కేజీ-మీటర్లు. దానికే పైపులో చదరపు మిల్లీమీటరుకు 13 కేజీల ఒత్తిడి వస్తుంది. మొత్తం బరువు సగమైంది, పైపు కష్టం మాత్రం పది రెట్లు పెరిగింది! కమాను బలాన్ని తేల్చేది ఈ సగం బరువే. పైగా ఈ లెక్క పరావలయం ఆకారానిది, అంటే విసిరిన రాయి పోయే దారి లాంటి వంపుది. మిషన్ గుండ్రంగా వంచితే నిండు బరువుకే కొంత వంపు తోడవుతుంది.

పక్కకు ఒరగడం ఇంకొకటి. వంపు వెంట పైపు దాదాపు 6.9 మీటర్లుంది. నడుమ ఆసరా లేకపోతే సుమారు 1.1 టన్నుకే పక్కకు లొంగిపోతుంది. నడినెత్తిన ఆపితే నాలుగు రెట్లు తట్టుకుంటుంది. పర్లిన్లు (రేకులు బిగించే అడ్డ కమ్మీలు) వేసినామని ఊరుకోవద్దు, రెండు చివర్ల కమాన్ల నడిమి గడుల్లో క్రాస్ బ్రేసింగ్ (ఏటవాలుగా అడ్డదిడ్డంగా కట్టే కమ్మీలు) ఉండాల్సిందే. లేకుంటే కమాన్లన్నీ కలిసే ఒరుగుతాయి.

కార్తీకంలో వాయుగుండం గాలి షెడ్డును పైకి లేపుతుంది, బోల్టులు, పునాది దానికీ చాలాల. తిరుపతిలో స్ట్రక్చరల్ ఇంజనీరు చేత సంతకం పెట్టించుకో. పాత పైపు కొంటే తుప్పు గీకి, మందం కొలిచి, వంచకముందే నాకు రాయి.

మీ పెదనాయన