దేవుణ్ణి నమ్మను, భజనకి రాలేదని కాలేజీ ఫైన్ వేస్తోంది, ఏం చెయ్యాలి?

ప్రశ్న: సార్, హైదరాబాద్ శివార్లలో ఒక ప్రైవేట్ ఇంజనీరింగ్ కాలేజీలో బీటెక్ సెకండ్ ఇయర్ చదువుతున్నా, వయసు 19. మాది ఖమ్మం వైపు, ఎస్సీ, ఫీజు రీయింబర్స్‌మెంట్ మీదే చదువు. నాకు దేవుడి మీద నమ్మకం లేదు. మా కాలేజీలో ప్రతి గురువారం సాయంత్రం భజన, రాకపోతే 200 ఫైన్, అటెండెన్స్ కట్. అడిగితే జాయినింగప్పుడు మీ నాన్న అండర్‌టేకింగ్ మీద సంతకం పెట్టాడు కదా అంటున్నారు. మా మ్యాథ్స్ సార్ కూడా వెళ్ళడు, ఆయనకి మెమో ఇచ్చారు. ఇంకోటి, ఫారాల్లో మతం దగ్గర ఖాళీ వదిలెయ్యొచ్చా?

జవాబు: తమ్ముడూ, ముందు ఆ సంతకం సంగతి చూద్దాం, ఎందుకంటే కాలేజీ వాళ్ళు దాన్నే పట్టుకుని కూర్చున్నారు. రాజ్యాంగంలో 28వ ఆర్టికల్ మూడో క్లాజు ఉంది, ప్రభుత్వ గుర్తింపు ఉన్న ఏ విద్యాసంస్థలో అయినా, ఎయిడ్, అంటే ప్రభుత్వ గ్రాంటు, రాకపోయినా సరే, మతబోధనకి గానీ పూజకి గానీ రమ్మని బలవంతం చెయ్యకూడదు, రావాలంటే ఆ మనిషి ఒప్పుకోవాలి, మైనర్ అయితే గార్డియన్ ఒప్పుకోవాలి. మైనర్ అయితేనే, అది గుర్తుపెట్టుకో. నీకు 19, అంటే ఇప్పుడు ఒప్పుకోవాల్సింది నువ్వు, మీ నాన్నగారు కాదు. స్కూల్ పిల్లలకీ కాలేజీ పిల్లలకీ తేడా వచ్చేది ఇక్కడే, చాలామంది ప్రిన్సిపాళ్ళకి ఈ ముక్క తెలీదు, తెలిసినా తెలీనట్టే ఉంటారు. ఒకవేళ నువ్వే ఎక్కడైనా సంతకం పెట్టి ఉన్నా ఇప్పుడు వద్దని రాసిచ్చెయ్, నేనైతే అదే సలహా ఇస్తా.

మాది మైనారిటీ కాలేజీ, మాకు 30వ ఆర్టికల్ ఉంది అని కొందరంటారు. ఆ ఆర్టికల్ కాలేజీ పెట్టుకుని నడుపుకోడానికి, ఈ క్లాజు నుంచి తప్పించుకోడానికి కాదు. భజన అయినా చాపెల్ అయినా నమాజ్ అయినా లెక్క ఒకటే.

అలాగని అన్నిటికీ ఇదే ఆర్టికల్ చూపించకు. యూనివర్సల్ హ్యూమన్ వాల్యూస్ పేపర్ ఉంటుంది కదా, అది సిలబస్ సబ్జెక్ట్, చదివి పాసవ్వాల్సిందే. మతాల గురించి, మహాత్ముల గురించి పాఠంగా చెప్పడం మతబోధన కాదని సుప్రీంకోర్టు 1971లో డీఏవీ కాలేజ్ కేసులోనే చెప్పేసింది. కాలేజీ డే రోజు స్టేజి మీద ఎవరో దీపం వెలిగించారని కోర్టుకెళ్తే జడ్జిగారు నీ వైపు ఒక చూపు చూస్తారు, అంతే. జాతీయగీతం అసలు మతం కిందికే రాదు. అక్కడ కూడా 1986లో బిజో ఇమ్మాన్యుయేల్ కేసులో, పాడకుండా మర్యాదగా నిలబడిన ముగ్గురు కేరళ పిల్లల్ని స్కూల్ నుంచి తీసెయ్యడం తప్పని కోర్టు అంది.

ఇక చెయ్యాల్సింది. ప్రిన్సిపాల్‌కి ఒక పేజీ లెటర్ రాయి, దేవుడు ఉన్నాడా లేడా అనే చర్చ అందులో వద్దు. నాకు 19 ఏళ్ళు, 28(3) కింద నా సమ్మతి ఇవ్వడం లేదు, ఆ టైంలో లైబ్రరీలో కూర్చుంటా, చాలు. ఆఫీసులో ఇచ్చి జిరాక్స్ మీద ముద్ర వేయించుకో, వెయ్యకపోతే స్పీడ్ పోస్ట్‌లో పంపు. ఫైన్ కట్టాల్సొస్తే రసీదు అడుగు, రసీదులో ఎందుకు కట్టించుకున్నారో రాయమను, సగం కాలేజీలు ఈ మాటకే వెనక్కి తగ్గుతాయి. అటెండెన్స్ అంటావా, జేఎన్‌టీయూ 75 శాతం లెక్క క్లాసులకి, టైంటేబుల్లో లేని భజనకి కాదు. అప్పటికీ వినకపోతే కాలేజీలో స్టూడెంట్ గ్రీవెన్స్ కమిటీ, దాని మీద విద్యార్థుల ఫిర్యాదులు వినే యూనివర్సిటీ అంబుడ్స్‌పర్సన్, ఆ తర్వాతే హైకోర్టు.

మతం కాలమ్ విషయం. మతం లేదని చెప్పుకునే హక్కు నీకుంది, 25వ ఆర్టికల్లో మొదటి మాటే అంతరాత్మ స్వేచ్ఛ. 2014లో బాంబే హైకోర్టు మతం చెప్పమని ప్రభుత్వం ఎవర్నీ బలవంతం చెయ్యకూడదంది. 2023లో మన తెలంగాణ హైకోర్టు కూడా బర్త్ సర్టిఫికెట్ అప్లికేషన్లో కులం లేదు, మతం లేదు అనే కాలమ్ పెట్టమని చెప్పింది. కానీ నువ్వు ఎస్సీ అన్నావు, కాబట్టి ఇక్కడ తొందరపడకు. ఏ కులాలు ఎస్సీ కిందికొస్తాయో చెప్పే 1950 ఎస్సీ ఆర్డర్ మూడో పేరా ప్రకారం హిందూ, సిక్కు, బౌద్ధం కాకుండా వేరే మతం పాటిస్తే ఎస్సీగా చూడరు. మతం లేదంటే వేరే మతం ఉన్నట్టు కాదు కదా అని నేను వాదిస్తా, కానీ ఆ వాదన హైకోర్టులో, మీసేవ కౌంటర్ దగ్గర కాదు. చదువు అయ్యేదాకా సర్టిఫికెట్లో ఎలా ఉందో ఫారాల్లో అలాగే రాయి, కాలమ్ కోసం రీయింబర్స్‌మెంట్ పోగొట్టుకోకు. ఇది పిరికితనం అనుకుంటే అనుకో, ఫీజు కట్టేది నేను కాదు కదా.

మీ మ్యాథ్స్ సార్‌ది నీకంటే కష్టమైన కేసు. మన దగ్గర ఇది కొత్త కాదులే, నాస్తిక ఉద్యమం నడిపిన గోరా గారు వృక్షశాస్త్రం లెక్చరర్, నాస్తికత్వం వల్ల 1933లో కాకినాడ పీఆర్ కాలేజీ ఉద్యోగం పోయింది, అప్పటికి ఈ రాజ్యాంగమే లేదు. ఇప్పుడు సార్‌కి ఆసరా ఏంటంటే నాసిక్‌లో ఒక స్కూల్ టీచర్ ప్రార్థనలో చేతులు జోడించలేదని పై జీతం స్కేల్ ఆపేస్తే, 2013లో బాంబే హైకోర్టు అది క్రమశిక్షణ తప్పడం కాదని, స్కేల్ ఇమ్మని చెప్పింది. మన హైకోర్టు దాన్ని పాటించి తీరాలని లేదు గానీ చూపించడానికి బాగా పనికొస్తుంది. చిక్కేంటంటే ఎయిడ్ లేని ప్రైవేట్ కాలేజీ ఉద్యోగుల గొడవల్లో నేరుగా హైకోర్టులో రిట్ పిటిషన్ వెయ్యడం మీద సుప్రీంకోర్టు 2022లో గట్టిగానే హద్దులు పెట్టింది. అందుకని ఆయన మెమోని చించెయ్యకుండా, ఇచ్చిన గడువు లోపల రాతపూర్వకంగా జవాబివ్వాలి, ఎంక్వైరీ లేకుండా తీసేస్తే, అలా తీసెయ్యకూడదనే 1982 ఎడ్యుకేషన్ యాక్ట్ 79వ సెక్షన్ ఉంది. ఆయన్ని అపాయింట్‌మెంట్ ఆర్డర్, మెమో పట్టుకుని సర్వీస్ కేసులు చూసే లాయర్ దగ్గరికి వెళ్ళమను. నీ లెటర్లో మాత్రం ఆయన పేరు రాయకు.