చెక్ఇన్ కౌంటర్‌లో అడిగితే బిజినెస్ క్లాస్ ఇస్తారా?

మీరు అడిగింది ఇది: ఎకానమీ టికెట్లు కొనుక్కుని, భార్యతో కలిసి రాత్రి పూట ఒక పొడవాటి విదేశీ విమానం ఎక్కబోతున్నారు. చెక్ఇన్ దగ్గర నవ్వుతూ అడిగితే, మంచి బట్టలు వేసుకుని వెళ్తే, పెళ్లిరోజు అని చెబితే బిజినెస్ క్లాస్‌కి మారుస్తారా అని.

మార్చరండి. ఎక్కడో ఎవరికో మార్చి ఉండవచ్చు, కానీ దాన్ని నమ్ముకుని ఎయిర్‌పోర్ట్‌కి వెళ్లొద్దు. కౌంటర్‌లో కూర్చున్న వాళ్లు చాలాచోట్ల ఆ ఎయిర్‌లైన్ ఉద్యోగులు కారు, కాంట్రాక్టు కంపెనీ మనుషులు. మన మీద ఎంత జాలి కలిగినా, కారణం చూపించకుండా క్లాస్ మారిస్తే తర్వాత సంజాయిషీ చెప్పుకోవాల్సింది వాళ్లే. పైగా మన వెనకాల వరుసలో నిలబడిన వాళ్లలో సగం మంది అదే అడగడానికి సిద్ధంగా ఉంటారు.

ముందు క్యాబిన్‌లో సీట్లు ఖాళీగా పోతున్నాయి కదా, ఇస్తే వాళ్ల సొమ్మేం పోయింది అనిపిస్తుంది. నాకూ చాలాకాలం అలాగే అనిపించేది. కానీ ఊరికే ఇస్తారని తెలిస్తే రేపటి నుంచి ఎవరూ కొనరు. అందుకే గాల్లోకి లేచేవరకు దాన్ని అమ్మడానికే చూస్తారు. అప్పటికీ అమ్ముడుపోకపోతే ఖాళీగానే తీసుకెళ్తారు.

మరి ఉచితంగా అసలు ఎవరికీ రాదా అంటే, వస్తుంది. ఎకానమీ పొంగిపోయినప్పుడు. కొంతమంది ఎలాగూ రారని లెక్కేసి ఎయిర్‌లైన్లు ఉన్న సీట్ల కంటే ఎక్కువ టికెట్లు అమ్ముతాయి. ఆ రోజు అందరూ వచ్చేస్తే, టికెట్ ఉన్నవాళ్లను కింద వదిలేయడం కంటే కొందరిని ముందుకు జరపడం చౌక. ఎవరిని జరపాలన్నది మామూలుగా ఒక జాబితా ప్రకారం నడుస్తుంది: ఫ్రీక్వెంట్ ఫ్లయర్ కార్డు స్థాయి, టికెట్‌కి కట్టిన డబ్బు, ఒంటరిగా ఉన్నారా జంటగా ఉన్నారా. ఆ విమానంలో ప్రీమియం ఎకానమీ ఉంటే సాధారణంగా ఒక్కో మెట్టు జరుపుతారు. ఎకానమీ వాళ్లు ప్రీమియంలోకి, ప్రీమియం వాళ్లు బిజినెస్‌లోకి. కాబట్టి ప్రీమియం ఎకానమీ కొన్నవాళ్లకు అవకాశం కాస్త ఎక్కువ.

నాకు ఇలా వచ్చినప్పుడు నేను ఎవరినీ ఏమీ అడగలేదు. గేటు దగ్గర బోర్డింగ్ పాస్ స్కాన్ చేస్తే ఎర్ర లైటు వెలిగి కీచుమంది. వీసాలో ఏదో తేడా ఉందేమోనని టెన్షన్ పడ్డాను. గేటు దగ్గరున్న ఉద్యోగిని పాత పాస్ తీసేసుకుని, కొత్తది ప్రింట్ చేసి చేతిలో పెట్టింది, అంతే. అప్పట్లో ఆ ఎయిర్‌లైన్‌లో తరచుగా తిరగడం వల్ల నా దగ్గర వాళ్ల కార్డు ఉంది, ఒంటరిగా వెళ్తున్నాను, విమానం కిక్కిరిసి ఉంది. నా చొక్కా మాత్రం ఇస్త్రీ కూడా లేదు.

మీరు ఇద్దరు, కార్డు లేదు. ఆ దారి వదిలేసి, డబ్బు పెట్టే దారులు చూద్దాం.

మొదటిది వేలం. టికెట్ కొన్నాక చాలా ఎయిర్‌లైన్లు 'మీ ధర చెప్పండి' అని మెయిల్ పంపుతాయి. మెయిల్ రాకపోయినా వాళ్ల సైట్‌లో బుకింగ్ తెరిస్తే కనిపించవచ్చు. కెనడాలోని ప్లస్‌గ్రేడ్ అనే కంపెనీ చాలా ఎయిర్‌లైన్లకు ఈ పని చేసిపెడుతుంది కాబట్టి పేజీ ఎక్కడైనా దాదాపు ఒకేలా ఉంటుంది. ఒక మీటర్ ఉంటుంది, ధర పెంచేకొద్దీ ముల్లు 'బలహీనం' నుంచి 'బలం' వైపు జరుగుతుంది. మనల్ని ఎక్కువ పెట్టించడానికే ఆ ముల్లు ఉందని నా అనుమానం, దాన్ని చూసి కంగారుపడొద్దు. చూడాల్సింది వేరే. చూపించే ధర మామూలుగా ఒక్కొక్కరికి, ఒక్కో విమానానికి. ఒకే పీఎన్‌ఆర్‌లో ఇద్దరు ఉంటే రెండింతలు పడుతుంది, మధ్యలో విమానం మారితే మళ్లీ విడిగా పెట్టాలి. మీ వేలం ఒప్పుకుంటేనే కార్డు నుంచి డబ్బు పోతుంది, కానీ ఒప్పుకున్నాక వెనక్కి రాదు.

ఎంత పెట్టాలో తేల్చుకోవడానికి నేను చేసే పని ఒకటుంది. అదే విమానానికి, అదే తేదీకి ఎయిర్‌లైన్ సైట్‌లో తొమ్మిది మందికి బిజినెస్ క్లాస్ టికెట్లు కొంటున్నట్టు వెతుకుతాను. చాలా సైట్లలో ఒకేసారి అడగగలిగేది అంతవరకే. ప్రయాణం దగ్గర పడ్డాక కూడా తొమ్మిది ఇస్తుంటే క్యాబిన్ బాగా ఖాళీ అన్నమాట, కనీస ధరకు కాస్త పైన పెట్టి ఊరుకుంటాను. ఇద్దరికి కూడా దొరక్కపోతే ఎంత పెట్టినా దండగ. సీట్ మ్యాప్ చూసి లెక్క కట్టేవాళ్లు ఉన్నారు కానీ, సీటు ఎంచుకోని ప్రయాణికులు అందులో కనిపించరు, ఎయిర్‌లైన్ తనకోసం ఆపి ఉంచిన సీట్లు నిండినట్టు కనిపిస్తాయి.

వేలం ఒప్పుకున్నారంటే బిజినెస్ టికెట్ కొన్నట్టే అనుకోవద్దు. సీటు, భోజనం బిజినెస్‌వి. మైళ్లు, అంటే ప్రయాణాలకు ఎయిర్‌లైన్ మన ఖాతాలో వేసే పాయింట్లు, చాలాచోట్ల పాత ఎకానమీ లెక్కనే పడతాయి. లగేజీ పరిమితి, లాంజ్ కూడా కొందరు ఇస్తారు, కొందరు ఇవ్వరు. నిబంధనల్లో చదివి తీరాలి. అంతకుముందే డబ్బు కట్టి ఎకానమీలో కాళ్లు చాపుకునే సీటు కొని ఉంటే ఆ డబ్బు సంగతీ చూసుకోండి. ఒక ఎయిర్‌లైన్ నుంచి అది రాబట్టడానికి నేను మెయిల్ మీద మెయిల్ పెట్టి చివరికి విసిగి వదిలేశాను.

ఇంకోటి, ఏ విమానమో చూడకుండా డబ్బు పెట్టకండి. బిజినెస్ అంటే అన్నిచోట్లా మంచం కాదు. ఎమిరేట్స్‌లోనే ఏ380లో వరస 1-2-1 (నడవాలకు అటూ ఇటూ ఒక్కో సీటు, మధ్యలో రెండు) అయితే, మార్పులు చేయని 777లలో 2-3-2. అంటే బిజినెస్‌లో కూడా మధ్య సీటు ఉంటుంది. యూరప్ లోపల తిరిగే విమానాల్లో చాలావరకు అదే ఎకానమీ సీటు, పక్కది ఖాళీగా వదులుతారు. అందుకే రెండు విమానాల ప్రయాణమైతే నేను రాత్రి నడిచే పొడవాటి దానికే వేలం పెడతాను. పగటిపూట రెండు గంటల ముక్కకి ఎందుకండీ?

మైళ్లతో అప్‌గ్రేడ్ గురించి క్లుప్తంగా. బాగా చౌకగా కొన్న టికెట్లను చాలా ఎయిర్‌లైన్లు మైళ్లతో మార్చనివ్వవు. మీ టికెట్ మీద బుకింగ్ క్లాస్ అని ఒక ఇంగ్లిష్ అక్షరం ఉంటుంది, అన్నీ దాన్ని బట్టే. స్టార్ అలయన్స్ అనే ఎయిర్‌లైన్ల కూటమిలో ఒక ఎయిర్‌లైన్ మైళ్లతో ఇంకో దాంట్లో అప్‌గ్రేడ్ అడగవచ్చు కానీ దానికి ఖరీదైన ఎకానమీ టికెట్ ఉండాలి. ఆ డబ్బు లెక్క వేసుకుంటే తరచుగా నేరుగా బిజినెస్ కొనడమే మేలనిపిస్తుంది.

ఇక అడిగితే దొరికే సందర్భం ఒకటుంది, దాన్ని మాత్రం వదలకండి. ఎకానమీ పొంగిపోయి, ముందుకు జరపడానికి కూడా చోటు లేనప్పుడు గేటు దగ్గర అనౌన్స్ చేస్తారు: 'ఎవరైనా తర్వాతి విమానంలో వెళ్తారా?' అమెరికాలోనూ, యూరోపియన్ యూనియన్‌లోనూ ఎవరినైనా బలవంతంగా దించేముందు ఇలా అడగడం తప్పనిసరి. ఒప్పుకున్నవాళ్లకు ఏం ఇవ్వాలన్నది బేరమే. యూరప్‌లో బలవంతంగా ఆపితే దూరాన్ని బట్టి 250, 400, 600 యూరోల పరిహారం ఉంది కాబట్టి, మన బేరానికి ఆ అంకె ఆసరా. నేను ఇలాంటి ఒక గేటు దగ్గర, రేపటి విమానం నాకు పరవాలేదు, బిజినెస్‌లో సీటు ఖాయం చేసి ఇప్పుడే బోర్డింగ్ పాస్ ఇవ్వండి, హోటల్ మీదే అన్నాను. అక్కడి ఉద్యోగిని రెండు ఫోన్లు చేసి ఒప్పుకుంది. 'ప్రయత్నిస్తాం' అంటే లేవకండి. సీటు నంబర్ చూశాకే లేవాలి. ఆ తర్వాత కనెక్షన్ విమానం ఉంటే, వీసా గడువు దగ్గర్లో ఉంటే ఈ పనికి పోవద్దు.

దీనికి ఉల్టా కూడా జరుగుతుంది, ఇది చాలామందికి తెలియదు. డబ్బు కట్టి బిజినెస్ కొన్నా, విమానం మారి ఎకానమీలో కూర్చోబెడతారు. యూరోపియన్ యూనియన్ 261/2004 నియమం ప్రకారం అప్పుడు దూరాన్ని బట్టి ఆ విమానం టికెట్ ధరలో 30, 50 లేదా 75 శాతం వెనక్కి ఇవ్వాలి. వాళ్లే మనల్ని పై క్లాసులో కూర్చోబెడితే అదనంగా ఒక్క యూరో కూడా అడగకూడదు. యూరప్ నుంచి బయల్దేరే విమానాలకు, అక్కడికి వెళ్లే యూరప్ ఎయిర్‌లైన్ల విమానాలకు ఇది వర్తిస్తుంది.

మీ విషయంలో నేనైతే ఇలా చేస్తాను. ముందు ఈ రోజు అదే విమానానికి బిజినెస్ ధర ఎంత ఉందో చూస్తాను. మీరు కట్టిన ఎకానమీ ధరకు వేలం కలిపితే దానికి దగ్గరగా వస్తే వేలం అర్థం లేనిది. అలా కాకపోతే తక్కువలో వేలం పెట్టి, ఆన్‌లైన్ చెక్ఇన్ తెరిచిన వెంటనే మళ్లీ సైట్ చూస్తాను. మిగిలిన సీట్లకు అప్పుడు సూటిగా ఒక ధర చెప్పే ఎయిర్‌లైన్లు చాలా ఉన్నాయి. ఎయిర్‌పోర్ట్‌లో కౌంటర్‌లో అడగాల్సిన మాట కూడా 'ఫ్రీగా ఇస్తారా' అని కాదు, 'ఈరోజు అప్‌గ్రేడ్ ఎంతకు అమ్ముతున్నారు' అని. ఆ ప్రశ్నకు వాళ్ల దగ్గర సమాధానం ఉంటుంది. ఇద్దరికీ భారం అనిపిస్తే, పీఎన్‌ఆర్ విడదీసి ఒక్కరికే తీసుకోవచ్చు. ఆ ఒక్కరు ఎవరన్నది ఇంట్లోనే తేల్చుకుని బయల్దేరండి.