కోడి రక్తంలో ప్రొటీన్లు చూసి జబ్బు పసిగట్టాలంటే

అమ్మాయ్,

కోళ్ల రక్తంలో ప్రొటీన్లు కొలిచి అంటురోగాలు పసిగట్టే పనిలోకి దిగావని విని చాలా సంతోషమేసింది. ముందుగా ఒకటి గట్టిగా గుర్తుపెట్టుకో. ఈ ప్రొటీన్లు పెరిగాయంటే లోపల ఇన్ఫెక్షనో వాపో నడుస్తోందని తెలుస్తుంది గానీ, అది ఈ-కోలై, సాల్మొనెల్లా లాంటి బాక్టీరియానా, గంబోరో అనే వైరస్ జబ్బా అన్నది తేలదు. జబ్బు పేరు కావాలంటే క్రిమి జన్యుపదార్థాన్ని వెతికే పీసీఆరో, క్రిమిని ల్యాబ్‌లో పెంచి చూసే కల్చరో చేయాల్సిందే. అయినా కోడి పైకి మామూలుగా మేస్తూ తిరుగుతున్నప్పుడే ఏదో తేడా ఉందని ముందే తెలియడం చిన్న విషయం కాదు, అందుకే నాకీ పరీక్షలంటే అంత నమ్మకం.

మనుషుల గురించి చదివింది కోడికి అతికించకు. మనుషుల్లో వాపు పసిగట్టడానికి కొలిచే సీఆర్పీ అనే ప్రొటీన్ కోడిలో పెద్దగా కదలదు. రక్తంలోకి జారిన హీమోగ్లోబిన్‌ను మనలో పట్టుకునే ప్రొటీన్ హాప్టోగ్లోబిన్, దాని జీన్ కోడికి అసలు లేదు, ఆ పని పీఐటీ54 అనే ప్రొటీన్ చేస్తుంది. ఇన్ఫెక్షన్ వస్తే మనలో ఇనుమును మోసే ట్రాన్స్‌ఫెరిన్ తగ్గుతుంది, కోడిలో మాత్రం ఓవోట్రాన్స్‌ఫెరిన్ పెరిగి బాక్టీరియాకు ఇనుము దొరక్కుండా పట్టేసుకుంటుంది. కోడిలో జబ్బుతో పెరిగే ప్రొటీన్లు ఇంకో రెండున్నాయి: సీరం అమైలాయిడ్-ఎ చప్పున లేచి చప్పున దిగిపోతుంది, ఆల్ఫా-1 యాసిడ్ గ్లైకోప్రొటీన్ కాస్త నిదానంగా కదులుతుంది, కాబట్టి రెండూ కలిపి చూడు, వీలైతే కొన్ని రోజులాగి అదే కోడికి మళ్లీ చూడు. ఒక్క రోజు అంకె పట్టుకుని తీర్పు చెప్పేయకు.

అసలు తప్పులు జరిగేది శాంపిల్ దగ్గర. రెక్క కింది సిరలోంచి తీసేటప్పుడు సిరంజి గట్టిగా లాగితే ఎర్రకణాలు పగిలి సీరం, అంటే రక్తం గడ్డకట్టాక మిగిలే ద్రవం, గులాబీ రంగుకి తిరుగుతుంది. అలాంటిదాంట్లో పీఐటీ54 కొలవకు, అది హీమోగ్లోబిన్‌ను పట్టుకునే ప్రొటీనే కదా, లెక్క తారుమారవుతుంది. రక్తం గడ్డకట్టకముందే ఫ్రిజ్‌లో పెట్టేయొద్దు. గుడ్లు పెట్టే కోళ్ల సీరం తెల్లగా మసకబారి ఉంటే కంగారుపడకు, అది పచ్చసొన కోసం రక్తంలో తిరిగే కొవ్వు, జబ్బు కాదు.

పోల్చేటప్పుడు అదే జాతి, అదే వయసు ఆరోగ్యమైన కోళ్లే నీ కొలమానం. మాంసం కోసం పెంచే బ్రాయిలర్ అంకెలు తెచ్చి గుడ్ల కోసం పెంచే లేయర్‌కి పెట్టకు. ఈమధ్య టీకా వేశారా, పొడుచుకుని గాయాలయ్యాయా అని కూడా అడిగి రాసుకో, వాటివల్లా ఇవి పెరుగుతాయి. కిట్ కొనేముందు అందులోని యాంటీబాడీ కోడి ప్రొటీన్‌ని పట్టేదేనా అని అమ్మేవాళ్లని అడుగు, మనుషుల కోసం చేసిన కిట్ చాలాసార్లు కోడి సీరంలో ఏమీ చూపించదు.